ఇసుక లైనులో ఎర్ర కారు

గోదావరిఖని,
14-5-1975, బుధవారం.

చిరంజీవి తమ్ముడు రాజంకు, తోడబుట్టకపోయినా నీతో పదేళ్ళు ఒకే బొగ్గు బాయిలోకి దిగిన అన్న సదయ్య మనసారా దీవించి రాసే ఉత్తరం. నువ్వూ, మరదలూ, పిల్లలూ చల్లగా ఉండాలి. దీని తర్వాత ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి. ఆ మాట ఇప్పుడే రాయను. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

ముందు నువ్వు చెప్పిన పని. ఎరువుల ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన తెల్లదొర తన దేశం వెళ్ళిపోతున్నాడు, చిన్న ఎర్ర కారు అమ్ముతున్నాడు, కొనేముందు నువ్వు నడిపి చూసి చెప్పన్నా అని రాశావు. వరంగల్లుల లారీలు తిప్పుకునేటోనికి ఇద్దరు కూసునే కారెందుకంట అని మీ వదిన అనసూర్య ఒకటే నవ్వు. నీ మరిదికి నలభై దాటాక పెళ్ళికొడుకు కావాలని బుద్ధి పుట్టింది అన్నాను. ఏమనుకోకు, నిన్ను నాలుగు మాటలు అనకుండా మా ఇంట్లో ముద్ద దిగదు.

నిన్న పొద్దున వెళ్ళాను. అబ్బ, కారంటే అదీ రాజం! నా నడుము ఎత్తు కూడా లేదు. తలుపులు రెండే, పైన గుడ్డ కప్పు, మడిస్తే వెనక్కి పోతుంది. లోపల కూర్చుంటే పిర్రలకూ రోడ్డుకూ మధ్య జానెడు సందు ఉందేమో. ఎక్కడం ఒక ఎత్తయితే దిగడం ఇంకో ఎత్తు.

నా చేతికర్ర సంగతి నీకు తెలుసు. సర్దారుగా పద్నాలుగేళ్ళు దానితో బాయి కప్పు తట్టి, గట్టి మోత వస్తేనే మీ ముఠాను లోపలికి రానిచ్చేవాణ్ణి. రెండు వేళ్ళు పోయి, పైన జీపు డ్రైవరు పని ఇచ్చాక కూడా కర్ర వదల్లేదు. కారును కూడా ముందు నుంచి వెనక దాకా అలాగే తట్టాను. దొర కంగారుపడి ఏదో అన్నాడు. నువ్వు కారు కొనేతందుకు వచ్చినవా, కొట్టేతందుకు వచ్చినవా అని అడుగుతున్నడు కాకా అంటూ ఆయన డ్రైవరు గట్టయ్య పళ్ళికిలించాడు. నవ్వితే నవ్వనీ. ఎడమ తలుపు కింద మోత మారింది. గోటితో గీకితే రంగు ఊడి వచ్చింది. కింద ఏదో మెత్తటి పూత, ఆ పూత వెనక తుప్పు తిన్న బొక్క. పైకి నున్నగా ఉంది, లోపల ఏమీ లేదు. దొరకు కూడా తెలియదట, ఆయన మొహం చూస్తే అబద్ధం అనిపించలేదు.

అయినా నడపకుండా ఏం చెప్పను? గట్టయ్యను పక్కన కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టాను. నా జీపు కదలమంటే కాసేపు ఆలోచిస్తుంది. ఇది కాలు ఆనించేలోపే ఉరికింది. రామగుండం రోడ్డు మీద గాలికి నా రుమాలు ఎగిరిపోయింది, ఆగి తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు. కాకా, జర నిమ్మలంగ పో, నాకు పిల్లలున్నరు అని గట్టయ్య తలుపు పట్టుకుని మొత్తుకున్నాడు. నీ మీద ఒట్టు, ఆ కాసేపు నాకు ఇరవై ఏళ్ళు.

తిరిగి వస్తూ ఇసుక లైను రోడ్డు పట్టాను. ఎర్రగుట్ట బాయి మూసేశాక దాని మీద మొదట లేచింది మీ అక్క సారక్క ఇల్లే కదా. ఇప్పుడు ముప్పై ఇళ్ళయ్యాయి. కింద బొగ్గు తీసిన ఖాళీని గోదావరి ఇసుకతో నింపారు, నేల కదలదు అనే ధైర్యంతోనే జనం కట్టుకున్నారు, లైనుకు ఆ పేరు కూడా అట్లాగే పడింది. అక్కడ రోడ్డు పల్లంగా ఉంటుంది. కారు ఎక్కడ కిరకిరలాడుతుందో తెలియాలంటే ఇంజను ఆపి పల్లంలో వదిలి వినాలి. ఆపాను. కారు చప్పుడు లేకుండా జారుతోంది. సరిగ్గా సారక్క గడప ముందుకు వచ్చేసరికి కింది నుంచి మోత వచ్చింది, ఖాళీ గాబు మీద అరచేత్తో కొట్టినట్టు. అది కారు మోత కాదు రాజం.

గట్టయ్యకు ఏమీ వినిపించలేదట. లారీలో ఉన్నా బస్సులో ఉన్నా నాకూ వినిపించేది కాదు. రోజూ జీపులో ఆ దారినే పోతాను, ఒక్కనాడూ వినలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ జారాను. మళ్ళీ అక్కడే. ఇక కారు పక్కన ఆపి, దిగి, కర్రతో నేల తట్టుకుంటూ నడిచాను. సారక్క ఇంటి నుంచి ఏడో ఇంటి దాకా డొల్ల. అది దాటాక గట్టిది. నెత్తి మాడే ఎండలో నాకు చలి పుట్టింది.

సారక్క చూసి, ఏంది తమ్మీ, పాములు పడుతున్నవా అని పిలిచి మజ్జిగ ఇచ్చింది. మాటల్లో నేనే అడిగాను. నెల రోజులుగా తలుపు పడటం లేదట, వడ్లాయనతో చెక్కించిందట. బావిలో నీళ్ళు వారంలో అడుగంటాయట. ఎండకాలం నీళ్ళు పోవుడు కొత్తనా అంటుంది. వెనక గోడకు నాలుగు వేళ్ళు దూరేంత చీలిక. చెయ్యి పెట్టి చూస్తే లోపలి నుంచి గాలి వస్తోంది, వెచ్చగా, బాయి వాసనతో. ఆ గోడ పక్కనే ఉయ్యాలలో ఆమె మనవరాలు నిద్రపోతోంది. ఆరు నెలల పిల్ల.

ఇవాళే సామాను కట్టుకుని మా క్వార్టరుకు రా అక్కా అన్నాను. రానంది. నేను గట్టిగా అంటే ఆమె ఇంకా గట్టిగా అంది. ఆ లైనులో ఆమె మాటే మాట. ఆమె కదిలితేనే మిగతా ఇళ్ళు కదులుతాయి.

కాబట్టి రాజం, కారు కొనకు. ఉరకడం బాగా ఉరుకుతుంది గాని లోపల పుచ్చింది. కారు సంగతి అంతటితో వదిలెయ్. నువ్వు మాత్రం రావాలి. ఈ ఉత్తరం చేతికి అందగానే, లారీలు ఎవరికైనా అప్పజెప్పి, ఏ రైలు దొరికితే ఆ రైలు ఎక్కు. చెప్పులు వెతుక్కుంటూ కూర్చోకు. నువ్వే ఎందుకు రావాలో రాయడానికి రెండుసార్లు కూర్చున్నాను, రెండుసార్లూ చించేశాను. నాకు నీ మీద కోపంగా ఉంది, నా మీద అంతకు రెండింతలు ఉంది. మేము క్షేమం అనే మాట రాయలేకపోయినందుకు ఏమీ అనుకోకు.

ఇట్లు,
నీ మేలు కోరే అన్న,
సదయ్య

తా.క.: మీ వదిన ఉత్తరం చదివి, కారు ముచ్చట ఇంత పొడుగు రాసినవు, అసలు ముచ్చట మింగినవు, సిగ్గుండాలె అని నా మొహాన కొట్టింది. అందుకని రాస్తున్నాను. ఎర్రగుట్ట బాయిలో చివరి ఖాళీని మనం నింపలేదు. ఏడేళ్ళ కింద మేడారం జాతరకు బండ్లు కట్టి ఉన్నాయి, నీ కొడుకు ఎత్తు బెల్లం తూస్తానని నీకు మొక్కు ఉంది, లోపలికి ఇసుక పంపే గొట్టం చూస్తే పూడుకుపోయింది. మూడు రోజుల పని. ఆ ఖాళీ మూతి దగ్గర చెక్కలు కొట్టి, వాటి ముందు ఇసుక పోసి, మొత్తం నిండింది అని పుస్తకంలో రాశాం. నింపానని నువ్వు, కొలిచానని నేను సంతకం పెట్టాం. మేడారం తల్లిని చూసి వచ్చి నింపుదాం అనుకున్నాం. వచ్చేసరికి బాయి మూతికి గోడ కట్టేశారు. అప్పుడైనా నోరు విప్పలేదు. మరుసటేడు సారక్క అక్కడ పునాది తవ్వుతుంటే మనిద్దరమే టెంకాయ కొట్టాం.

నిన్న ఇదంతా ఆమెకు చెప్పేశాను. నమ్మలేదు. నా తమ్ముడు నింపిన ఇసుక మీద ఇల్లు కట్టుకున్న, నాకేం ఫికర్, వాడు పైకొచ్చిండని నీకు కుళ్ళు, వాని నోటితోని చెప్తే అప్పుడు లేస్త అని నా చేతిలో మజ్జిగ గ్లాసు లాక్కుంది. ఈ పొద్దున ఆఫీసులో నా తప్పు రాసి ఇచ్చాను, నీ పేరూ రాశాను. పెద్దసారు సోమవారం గాని రాడట. నేల సోమవారం దాకా ఆగుతుందని నేను చెప్పలేను. నిన్న ఏడో ఇంటి దాకా ఉన్న డొల్ల ఇవాళ తొమ్మిదో ఇంటికి వచ్చింది.

సారక్క వాకిట్లోనే మంచం వేసుకుని ఇది రాస్తున్నాను. మీ వదిన లోపల పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఉయ్యాలలో వెయ్యనివ్వడం లేదు. నువ్వు వచ్చేదాకా మేమిద్దరం ఇక్కడి నుంచి లేవం.

కవరులో నా పాత ఇత్తడి బిళ్ళ పెట్టాను. డ్యూటీకి దిగేముందు దీపాల గదిలో ఇచ్చి దిగే బిళ్ళ, నంబరు 412. బిళ్ళ పైన ఉందంటే మనిషి ఇంకా కింద ఉన్నట్టు, నీకు వేరే చెప్పక్కరలేదు. తెచ్చి నా చేతికి ఇయ్యి.