పన్నెండడుగుల గంటగోపురం

1వ తేదీ, ఉదయం 6:10

నలభై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఎదుటివాడి తప్పు పట్టడంలో నన్ను మించినవాడు లేడు. ఇరవై ఏళ్ల కిందట మా బావమరిది పన్నెండు పాత చర్చీల కట్టడం మీద పుస్తకం రాశాడు. ప్రూఫులు నేనే చూశాను. ముందుమాటలో ఏం రాశాడు? 'ఇందులో ఒప్పులు నావి, తప్పులు మా బావగారివి.' జనం నవ్వారు. నేను నవ్వలేదు.

పదమూడున ఆ పుస్తకానికే సన్మానమట! వేదికెక్కి వాడి తప్పుల జాబితా చదువుతాను.

నిర్ణయం: రోజుకో చర్చి. చర్చికో తప్పు. సామగ్రి: టేపు, భూతద్దం, ఎర్ర కలం.

సాయంత్రం 5:00

మొదటి చర్చి. స్తంభాలు పద్నాలుగన్నాడు. లెక్కపెట్టాను. పద్నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. దరిద్రుడు, పద్నాలుగే!

2వ తేదీ

రెండో చర్చి. రంగు అద్దాల కిటికీలో గొర్రెపిల్లకు మూడు కాళ్లే ఉన్నాయన్నాడు. నాలుగోదాని కోసం గంటసేపు వెతికాను. మెడ పట్టేసింది.

3వ తేదీ

మెడ.

4వ తేదీ

వాన. తడిసిన రాయి అసలు రంగు తెలియదు. ఇది శాస్త్రం, బద్ధకం కాదు.

"వెళ్తానన్నారుగా?" అంది మా ఆవిడ.

"వాన కనబడటం లేదూ?"

"వెలిసి గంటైంది."

8వ తేదీ

మధ్యలో మూడు రోజులు రాయలేదు. పడుకున్నవాడు ఏం రాస్తాడు?

9వ తేదీ, మధ్యాహ్నం 12:00

మూడో చర్చి. దొరికింది! 'గంటగోపురం ఎత్తు 12 అడుగులు.' తలెత్తి చూస్తే టోపీ వెనక్కి పడిపోయింది. నూట ఇరవైకి తక్కువుండదు! తాళాలు చూసే ముసలావిడకు పేజీ చూపించాను.

"ఇదా బాబుగారూ, మాకెప్పుడో తెలుసు. అచ్చులో సున్నా ఎగిరిపోయింది. ప్రూఫు చూసినవాడెవడో, కళ్లు నెత్తికెక్కినవాడు."

"నెత్తిమీదుంటే గోపురం కనబడేదిగా," అన్నాను.

"రాసినాయన్ని అడిగితే 'తప్పు నాదేనమ్మా, నా రాత కోడిగీతలు' అన్నారు. మంచాయన."

సాయంత్రం 4:00

అటక మీద పెట్టె దించాను. రాతప్రతిలో ముత్యాల్లాంటి అక్షరాలు: 120. ప్రూఫులో 12. పక్కనే ఎర్ర కలంతో 'సరిచూశాను', నా సంతకం.

10వ తేదీ

మోకాలు.

11వ తేదీ

రెండో మోకాలు. సన్మానానికి వెళ్లడం కష్టమే.

13వ తేదీ

మా ఆవిడ లాక్కెళ్లింది. బావమరిది మైకు అందుకుని, "ఒప్పులు నావి, తప్పులు మా బావగారివి!" అన్నాడు. జనం నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. ఆ పుస్తకంలో అంత సరైన వాక్యం ఇంకోటి లేదు.

దిగొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "బావా, రెండో ముద్రణ వేస్తున్నారు. ప్రూఫులు నువ్వే చూడాలి."

"నాకు కళ్లు కనబడవోయ్."

"అప్పుడు మాత్రం కనబడ్డాయా? అయినా నువ్వే."

14వ తేదీ, ఉదయం 6:10

నిర్ణయం: రోజుకో చర్చి, పన్నెండు రోజులు. ప్రతి అంకెనూ రాయి దగ్గరికెళ్లి సరిచూడాలి.

ముందుమాటతో మొదలుపెట్టాను. 'తప్పులు మా బావగారివి' దగ్గర ఎర్ర కలం ఆగింది. కొట్టేస్తే అడిగేవాడు లేడు.

'సరిచూశాను' అని రాసి సంతకం పెట్టాను.

6:40

వాన. రేపటి నుంచి.