మెట్లు ఎటు తిప్పమన్నావు బావా?

బావా,

ఫోన్ చేస్తే ఎత్తవు. గొడవలు తేల్చడానికి మీ కంపెనీ పెట్టిన ఆ యాప్‌లో రాస్తే ఊరంతా చదువుతుంది. అందుకే ఈ కాగితం.

మెట్లు ఎడమకి తిప్పమని సైటులో నిలబడి చెప్పింది నువ్వు. ఇటుక ముక్కతో గోడ మీద గీసి మరీ చూపించావు. ఇంజినీరువి, పైగా బావవి, అలాగే కట్టేశాను. ఆ గీత మీద మావాళ్లే ప్లాస్టరింగ్ చేసేశారు, నా ఖర్మ! ఇప్పుడు ఓనరు ఎడమకి కాదనేసరికి, యాప్‌లో 'నేను చెప్పలేదు' అని నొక్కి చేతులు దులిపేసుకున్నావు. కట్టినదంతా నేనే పగలగొట్టాలట. నా మొహం మీద ఆ మాట అనాలంటే నీకు నోరు రాదు. నొక్కడానికైతే వేలు చాలు కదా!

నేనూ నా వాదన పెట్టబోతే ఫొటో ఏది, రాసిచ్చిన కాగితం ఏది అని ఆ యాప్ ఒకటే నస. చివరికి సాక్షి పేరు ఇమ్మంది. ఆ రోజు మనిద్దరికీ క్యారేజీ తెచ్చి, నువ్వు గీస్తుంటే పక్కనే నిలబడి, "ఎడమైతే వెలుతురు బాగుంటుంది" అన్నది ఎవరు? అక్క.

అక్క పేరు టైపు చేశాను. పంపలేదు. పంపితే మీ కంపెనీవాళ్లు ఇంటికే ఫోన్ చేసి, "మీ ఆయన చెప్పాడా, లేదా?" అని అడుగుతారు.

వాళ్లకన్నా ముందు నువ్వే అడుగు. అక్క ఏమంటే అదే నొక్కు. నేనూ ఒప్పుకుంటాను.

నీ బామ్మర్ది