టైగర్ గూటికి బండ వద్దన్నాను

2006 ఆగస్టు, ఆదివారం రాత్రి. ముసురు ఆగలేదు.

నా కొడుకు దానియేలు సమాధికి పాల్వంచ నుంచి తెచ్చిన బండల్లో రెండు మిగిలి పెరట్లో పడి ఉన్నాయి. వాడు పెంచిన కుక్క టైగర్ గూటిలో నేలంతా బురదయింది. పొద్దున మా ఆయన ఆ బండలు ఎత్తబోయాడు.

"గివే పరుద్దాం. కడుగుడు గూడ అల్కగైతది."

"వద్దయ్యా! వానకు బండ సల్లగైతది. ముసల్దాయె, దానికి కాళ్ల నొప్పులు. ఎట్ల పంటది?"

ఆయన బండను మెల్లగా కింద పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు.

చివరికి దానియేలు పడుకున్న మంచం చెక్కలు విప్పించాను. కింద ఇటుకలు పెట్టి, నీళ్లు జారడానికి సందులు వదిలి, ఆయనే మేకులు కొట్టాడు. టైగర్ ఎక్కి చెక్కలన్నీ వాసన చూసింది. పడుకోకుండా గేటు వైపే చూస్తూ కూర్చుంది.

కుక్కకు వద్దన్న బండనే నా బిడ్డ మీద దగ్గరుండి పరిపించాను. ప్రభువా, వాన ఇంకా పడుతూనే ఉంది. వాడికి అక్కడ...