పొట్టంగి పురిటి గదులు, చెల్లెలి ట్రస్టు

కోరాపుట్ జిల్లా పొట్టంగి కాపురస్థురాలిని, కీర్తిశేషులు విజయరత్నం గారి పెద్ద కుమార్తెను, అరవై నాలుగేళ్ల రూతమ్మ అను నేను, తెలివి నిలకడగా ఉండగానే, ఒకరి బలవంతం లేకుండా, స్వహస్తంతో వ్రాసిన వీలునామా.

మునుపటి వీలునామా రద్దు. నా పురిటి గదులు ఎవరికి పోయినా సరే, చెల్లెలు వసంతకుమారికి మాత్రం పోరాదని అందులో వ్రాశాను.

1. దీనిని అమలు జరుపవలసినవాడు నా తమ్ముడి కొడుకు, సునాబెడ ఫ్యాక్టరీ ఆఫీసు గుమాస్తా అమృతరావు.

2. నా కుట్టుమిషను, ఉన్ని శాలువ నా దగ్గర పనిచేసే ఆయా గున్నమ్మకు. వసంత ఎక్కువ జీతమిస్తానన్నా అది నన్ను విడిచి పోలేదు. ఈ మాట వసంత వినేలా చదవాలి.

3. 1966లో నర్సు ఉద్యోగం మాని, నా స్వార్జితంతో ఇక్కడ రెండు గదులు కట్టి పురుళ్లు పోశాను. వసంతను నర్సు చదువు చదివించింది నేనే. 1974లో అది సేవా ట్రస్టు పెట్టింది. ఉచితంగా మందులు, దుప్పట్లు, కంటి శిబిరాలు. మూడేళ్లలో పంచాయతీ సమితి ఛైర్మన్ అయింది. నా చేతిలో పుట్టిన ఆడపిల్లలకే వసంత అని పేరు పెట్టుకున్నారు. రూతు అని ఒక్కరూ పెట్టలేదు.

గున్నమ్మ ఒకరోజు వచ్చి, "మా ఊరోళ్లు ఓటెయ్యలేదని దుప్పట్లు ఇవ్వలేదమ్మా, పక్కూరికి ఇచ్చేరు" అంది. నిజమే. బాధపడాల్సింది పోయి సంబరపడ్డాను. చర్చి గుమ్మంలో రెండేళ్లు ఆ మాటే చెప్పుకున్నాను.

1981 వానల్లో చుట్టుపక్కల ఊళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వసంత జీపులో సెలైన్ సీసాలు తెచ్చింది. ఏ ఊరని అడగలేదు, ఎవరికి ఓటేశారని అడగలేదు. జబ్బుపడ్డ మనుషులను నా వసారాలో దించి, "అక్కా, గదులు తియ్యి. జల్లు కొట్టేస్తంది" అంది. తాళంచెవి కనపడటం లేదన్నాను. అది నా రొంటినే ఉంది. జనమంతా వసంత చుట్టూ ఉన్నారు, నా వైపు చూసినవాడు లేడు. పొద్దు వాలేవేళకు తెరిచాను. అప్పటికే అప్పమ్మ అనే ముసలామె ఆ తడిలోనే ప్రాణం విడిచింది.

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

4. అప్పమ్మ మనవరాలు చిన్నమ్మికి నా రెండు పేటల గొలుసు. కారణం పైన ఉన్నది. విన్నాక వద్దంటే బలవంతపెట్టరాదు.

5. రెండు గదులు, వెనక స్థలం సర్వహక్కులతో వసంతకుమారికే చెందవలెను, ట్రస్టుకు కాదు. అక్కడ పురుళ్లు, రోగుల సేవ తప్ప మరొకటి జరగరాదు. ఎన్నికల రోజుల్లో జెండా కట్టినా, రోగిని ఓటు అడిగినా అమృతరావు స్వాధీనం చేసుకొనవలెను. మనసు మారి ఇవ్వడం లేదు. అది నాకన్నా బాగా చేయగలదు, ఇప్పటికీ అదే నాకు కడుపుమంట.

6. నా భూస్థాపన దగ్గర వసంత ప్రసంగించరాదు. మాట్లాడితే అందరూ దానినే చూస్తారు. చిన్నప్పుడు నా పక్కన నిలబడి పాడినట్టు, కీర్తన పాడితే పాడవచ్చు.

పొట్టంగి, 1984 సెప్టెంబరు 9.

(సంతకం) రూతమ్మ

సాక్షులు:
రత్నకుమార్, ఉపాధ్యాయుడు
సన్యాసయ్య, పోస్ట్‌మన్