రంగేస్తే కనపడదట!

మంగళవారం, తెనాలి

ఇంకా ఒళ్ళు మండిపోతోంది. రేపల్లె రైస్‌మిల్లు బాబాయిగారు రైలు టైమైపోతోందని తొందరపెడితే, మా పోతపని షెడ్డులో అన్నయ్య, మిల్లు బెల్టు తిప్పే అల్యూమినియం పుల్లీ చల్లారకముందే అచ్చు పగలగొట్టి నీళ్ళు కుమ్మరించాడు. చక్రం నడిమి నుంచి వచ్చే ఆకు అంచును కలిసేచోట పగులొచ్చింది. దాని మానాన దాన్ని చల్లారనివ్వమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను!

పైగా నా చెవిలో, "వెల్డింగ్ పెట్టి రంగేద్దాంలేవే, ఏం కనపడుతుంది?" అన్నాడు. అది తిరిగేది బస్తాలు మోసేవాళ్ళ తలలపైన!

సుత్తి తీసుకుని బాబాయిగారి ముందే దాన్ని ముక్కలు చేసేశాను.

"ఏంటమ్మా ఇది!"

"మళ్ళీ పోత పోస్తామండి. రేపు రండి."

అన్నయ్య అన్నం తినకుండా పడుకున్నాడు. పడుకోనీ. రేపు అచ్చు దగ్గర కుర్చీ వేసుకుని నేనే కూర్చుంటాను.

కానీ నేను షెడ్డులో లేనప్పుడు పంపిన పుల్లీల్లో ఎన్నిటికి రంగేశాడో...