పన్నెండేళ్ల నాటి సూది

కుప్పం, 14-7-1979

తమ్ముడు దేవసహాయానికి ప్రభువు పేరట అన్న దీవెనలు.

ఎద్దు లాడం మేకు నీ అరికాల్లో దిగిందని రాశావు. పన్నెండేళ్ల కిందట మదనపల్లెలో ధనుర్వాతం సూది వేయించుకున్నావు గనుక మళ్ళీ అక్కర్లేదని జవాబు రాసింది నేనే. అది తప్పు. "బాప్తిస్మం ఒక్కసారే, సూదీ ఒక్కసారే" అని ఇక్కడి ప్రార్థన కూటాల్లోనూ కేకలేసి చెప్పాను. ఆ మాట నమ్మిన మా కూటస్థుడు మునెప్పకు కాల్లో గడ్డపార దిగింది, సూది వద్దన్నాడు. నిన్న ధనుర్వాతంతో అతని దవడ బిగుసుకుపోయింది. ఆసుపత్రి నర్సమ్మ అందరి ముందూ నన్ను నిలదీసింది.

"ఏమప్పా, అన్నం ఒకతూరి తింటే బతుకంతా సాలునా? పదేండ్లకొకతూరి ఏసుకోవాల. మురికి గాయమైతే అయిదేండ్లు దాటినా ఏసుకోవాల!"

బైబిల్లో హిజ్కియా రాజు పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నది ప్రవక్తే. అది చదివీ నాకు బుద్ధి రాలేదు.

కార్డు అందిన పూటే పుంగనూరు ఆసుపత్రికి పో. గాయానికి అమ్మ పెట్టిన పేడ తీసేసి, సబ్బుతో కడుగు. నోరు బాగా తెరుచుకుంటోందా? చేలో వేసిన సెనక్కాయ విత్తనం వానకు తడిసిందా? అది తర్వాత రాయి.

నీకూ మునెప్పకూ కీడు రాకూడదని ఉపవాసం ఉన్నాను. సూది వేయించుకున్నానని నీ చేతిరాత చూసేదాకా కూటంలో నేను నోరు తెరవను.

నీ అన్న,
జ్ఞానప్రకాశం