చున్నీ ముడి

సుజాతా,

నువ్వు అడిగి అడిగి చూడకుండానే పోయిన అరకుకి, నీ సంవత్సరీకం అయ్యాక నేనూ మన చిన్నీ కైకలూరు నుంచి బండి మీద వెళ్ళాం. చెరువు గట్ల మీద తిరిగే మనిషిని, ఘాట్ రోడ్డు మలుపులకి ఒళ్ళు హూనమైపోయింది. తిరిగొస్తూ కొండ దిగుతుంటే కళ్ళు మూతలు పడిపోయాయి.

"నాన్నా, తూలుతున్నారు. దిగండి, నేను నడుపుతాను," అంది చిన్నీ. మొన్ననే లైసెన్సు వచ్చిందిలే, కంగారుపడకు.

చిన్నప్పుడు దాన్ని నాతో ఏలూరు డాక్టరు దగ్గరికి పంపేటప్పుడు, నిద్రలో జారిపోతుందని చున్నీతో నా నడుముకి కట్టేదానివి కదా. అలాగే తన చున్నీతో నన్ను తన నడుముకి కట్టుకుంది. ముడి రెండుసార్లు లాగి చూసింది, అచ్చం నీలాగే.

"ఇక పడుకోండి," అంది.

నువ్వు పోయాక నేను హాయిగా నిద్రపోయింది ఆ కొండ దారిలోనే.